గాదంకి చెప్పిన గాలి కథ

తిరుమలలో దర్శనం చేసుకుని కాణిపాకం వినాయకుడి దగ్గరకు బయలుదేరిన యాత్రికులు చంద్రగిరి దాటాక, చిత్తూరు దారిలో గాదంకి అనే చిన్న ఊరి మీదుగా వెళతారు. సెలవులకు ఇంటికి వెళ్ళిన మన ప్రవాస తెలుగువారిలో ఎందరో ఆ దారిన పోయి ఉంటారు. ఆ ఊరి దగ్గర, కొండల నడుమ చదును చేసిన మైదానంలో 1024 ఏంటెన్నాలు నారుమడిలో నాటినట్టు వరుసలు తీరి ఉన్నాయి. గాదంకి పేరు మనలో చాలామందికి తెలియదు. వాతావరణ శాస్త్రజ్ఞులకు మాత్రం అది పెరూలోని హికమార్కా, జపాన్‌లోని షిగరాకిలతో కలిపి చెప్పుకునే పేరు.

వానను, తుపాను మేఘాన్ని చూపించే రాడార్లు మనకు టీవీ వార్తల వల్ల పరిచయమే. గాదంకిలోని రాడార్ మేఘం లేని ఆకాశాన్ని చూస్తుంది. అక్కడ గాలి ఎటు వీస్తోంది, ఎంత వేగంతో వీస్తోంది, ఎక్కడ సుడులు తిరుగుతోంది అని కొలుస్తుంది. గాలిలోని ఈ అలజడి పొద్దున్న ఉన్నట్టు సాయంత్రం ఉండదు, ఆషాఢంలో ఉన్నట్టు మార్గశిరంలో ఉండదు. జపాన్ మీద ఉన్నట్టు రాయలసీమ మీద ఉండదు. ఈ చివరి సంగతి రుజువు కావడానికి ఒక రాడార్ మన నేల మీద ఏళ్ళ తరబడి కనిపెట్టుకుని ఉండవలసి వచ్చింది. ఆ చరిత్రను క్లుప్తంగా చెప్పుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కల్లోలం అంటే ఏమిటి?

విమానంలో సీటు బెల్టు పెట్టుకోమని చెప్పేటప్పుడు వినిపించే 'టర్బులెన్స్' అనే మాటకు తెలుగు పాఠ్యపుస్తకాల్లో సంక్షుబ్ధ ప్రవాహం అని పేరు. ఇక్కడ కల్లోలం అనే చిన్న మాట వాడుకుందాం.

కాలువలో నీరు నెమ్మదిగా పారుతున్నప్పుడు పొరలు పొరలుగా, ఒకదానితో ఒకటి కలవకుండా సాగుతుంది. వేగం పెరిగినా, రాయి అడ్డం వచ్చినా సుడులు పుడతాయి. గాలి సంగతీ అంతే. పై పొర ఒక వేగంతో, కింది పొర ఇంకో వేగంతో వీస్తే వాటి మధ్య రాపిడి పుడుతుంది. చల్లని బరువైన గాలి కింద, వెచ్చని తేలిక గాలి పైన ఉంటే ఆ అమరిక సుడులను అణచిపెడుతుంది. రాపిడి గెలిస్తే కల్లోలం, అమరిక గెలిస్తే ప్రశాంతత. ఈ రెండింటి బలాబలాలను ఒక్క సంఖ్యలోకి తెచ్చినవాడు బ్రిటిష్ శాస్త్రవేత్త లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్. పెద్ద సుడి చిన్న సుడులుగా, అవి ఇంకా చిన్నవిగా విరిగి చివరికి ఆ శక్తి అంతా వేడిగా మారిపోతుందనే ఆలోచనా 1922లో ఆయన చెప్పిందే. దానికి గణిత రూపం ఇచ్చినవాడు రష్యన్ గణితవేత్త కోల్మొగొరోవ్, 1941లో.

ఈ లెక్కల్లో మనకు కావలసినవి రెండు. ఒక కిలో గాలిలో సుడుల శక్తి సెకనుకు ఎంత చొప్పున వేడిగా మారుతోంది అనేది మొదటిది. దీన్ని శక్తి క్షయ రేటు అనవచ్చు. ఆ సుడులు గాలిని పైకీ కిందికీ ఎంత బాగా కలుపుతున్నాయి అనేది రెండవది. దీని పేరు నిలువు వ్యాపన గుణకం. పెరుగులో కవ్వం ఎంత వేగంగా తిరుగుతోంది అన్నది ఒక ప్రశ్న, వెన్న ఎంత పైకి వచ్చింది అన్నది ఇంకో ప్రశ్న కదా. ఇదీ అలాంటిదే.

వీటితో పని ఏమిటి? నేల మీది తేమ, పొగ, దుమ్ము పైకి ఎంత చేరతాయి, పైనున్న ఓజోన్ కిందికి ఎంత దిగుతుంది అన్నది చాలావరకు ఈ కవ్వం మీద ఆధారపడుతుంది. వాతావరణాన్ని కంప్యూటర్‌లో లెక్కకట్టే ఏ నమూనాలోనైనా నిలువు వ్యాపనానికి ఒక విలువ ఇవ్వాలి. ఆ విలువ ఎక్కడో కొలిచినది తెచ్చి ఇక్కడ పెడితే లెక్క తప్పుతుంది. ఇక విమానాలు. ప్రపంచ పౌర విమానయాన సంస్థ విమానపు కుదుపు తీవ్రతకు కొలమానంగా తీసుకున్నది ఈ శక్తి క్షయ రేటు ఘనమూలాన్నే. పైలట్ చెప్పే కుదుపూ, రాడార్ శాస్త్రవేత్త రాసే సంఖ్యా ఒకే వస్తువు గురించి.

ఏమీ లేనిచోట మచ్చలు

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో రాడార్ తెరల మీద విమానం గాని, వాన గాని లేనిచోట కూడా మచ్చలు కనిపించేవి. రాడార్ నడిపేవాళ్ళు వాటికి దేవదూతలని ముద్దుపేరు పెట్టారు. వాటిలో కొన్ని పక్షులని, పురుగులని తరువాత తేలింది. కొన్నింటికి ఆ వివరణ సరిపోలేదు. రేడియో తరంగం ఒక పదార్థంలో ఎంత వంగుతుందో చెప్పేది వక్రీభవన గుణకం. గాలిలో ఇది ఉష్ణోగ్రతను, తేమను బట్టి కొద్దికొద్దిగా మారుతుంది. సుడులు వెచ్చని గాలినీ చల్లని గాలినీ, తడి గాలినీ పొడి గాలినీ కలిపినప్పుడు ఆ గుణకం చోటుచోటుకీ ఎగుడుదిగుడు అవుతుంది. ఆ ఎగుడుదిగుళ్ళు రేడియో తరంగంలో అతి స్వల్ప భాగాన్ని వెనక్కి చిమ్ముతాయి. దీని సిద్ధాంతాన్ని సోవియట్ శాస్త్రవేత్త తతార్‌స్కీ 1950, 60 దశకాల్లో రూపొందించారు. 1966లో హార్డీ, అట్లాస్, గ్లోవర్ అనే ముగ్గురు అమెరికా వర్జీనియా తీరంలోని వాలప్స్ ద్వీపంలో మూడు వేర్వేరు తరంగదైర్ఘ్యాల రాడార్లతో ఒకే ఆకాశాన్ని చూసి, నిర్మలమైన గాలి నుంచి కూడా ప్రతిధ్వని వస్తుందని చూపించారు.

ఇందులో ఒక చిన్న కీలకం ఉంది. రాడార్ అన్ని సుడులనూ చూడలేదు. తన తరంగదైర్ఘ్యంలో సరిగ్గా సగం పరిమాణం ఉన్న ఎగుడుదిగుళ్ళ నుంచే ప్రతిధ్వని బలంగా వస్తుంది. గాలి పలచబడిన ఎత్తుల్లో సెంటీమీటర్ల పరిమాణం ఉన్న సుడులు పుట్టీపుట్టగానే వేడిగా కరిగిపోతాయి. అందుకే బాగా పైకి చూడాలంటే మీటర్ల తరంగదైర్ఘ్యం, దానికి తగిన పెద్ద ఏంటెన్నాల మైదానం కావాలి.

అలాంటి మైదానం అప్పటికే ఒకటి ఉంది. పెరూ రాజధాని లీమా దగ్గర హికమార్కాలో 1960ల మొదట్లో అమెరికన్లు 18,432 డైపోల్ ఏంటెన్నాలతో 50 మెగాహెర్ట్‌జ్ రాడార్ కట్టారు. దాన్ని కట్టింది అయనోస్ఫియర్‌ను, అంటే ఆకాశంలో విద్యుదావేశం ఉన్న పొరను పరిశీలించడానికి. పెరూ శాస్త్రవేత్తలు రొనాల్డ్ వుడ్‌మన్, అల్బెర్టో గియెన్ అదే రాడార్‌తో కింది పొరల నుంచి వచ్చే బలహీన ప్రతిధ్వనులను పట్టి, స్ట్రాటో ఆవరణంలోనూ మీసో ఆవరణంలోనూ గాలి వేగాన్ని, కల్లోలాన్ని కొలవవచ్చని 1974లో ప్రకటించారు. మీసో, స్ట్రాటో, ట్రోపో ఆవరణాలు మూడింటినీ చూడగల ఈ కొత్త తరం రాడార్లకు వాటి ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలతో ఎం.ఎస్.టి. అని పేరు వచ్చింది. తరువాతి పదేళ్ళలో అమెరికా కొలరాడోలో, అలాస్కాలోని పోకర్ ఫ్లాట్‌లో, జర్మనీ హార్జ్ కొండల్లో ఈ జాతి రాడార్లు లేచాయి. 1984లో క్యోటో విశ్వవిద్యాలయం షిగరాకిలో 475 ఏంటెన్నాలతో ఎం.యు. రాడార్ పూర్తిచేసింది.

షిగరాకి నుంచి ఒక ముఖ్యమైన ఫలితం వచ్చింది. ఫుకావో బృందం మూడేళ్ళ పరిశీలనలను 1994లో ప్రచురించింది. ట్రోపో ఆవరణం పైకప్పు దగ్గర కల్లోలం శీతాకాలంలో హెచ్చుగా ఉందని అందులో తేలింది. కారణం వెతకనక్కరలేదు. శీతాకాలంలో జపాన్ మీద పడమటి జెట్ ప్రవాహం ఎంతో బలంగా ఉంటుంది. దాని పైనా కిందా రాపిడి ఎక్కువ. మరి అలాంటి జెట్ నెత్తిమీద లేని ఉష్ణమండలంలో ఏ కాలం హెచ్చు, ఏ కాలం తక్కువ?

గాదంకికి రాడార్ వచ్చిన వైనం

భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాలు వాతావరణ యంత్రానికి పొయ్యి వంటివి. సూర్యుడి వేడి ఎక్కువగా పడేది అక్కడే, రుతుపవనాలు పుట్టేది అక్కడే. నీటి ఆవిరి స్ట్రాటో ఆవరణంలోకి ఎక్కేది కూడా ముఖ్యంగా అక్కడి నుంచే. అయినా పైగాలిని కొలిచే పెద్ద రాడార్లు చాలావరకు సమశీతోష్ణ దేశాల్లోనే ఉండేవి. 1980లలో మన దేశంలో మధ్య వాతావరణ పరిశోధనా కార్యక్రమం జరిగింది. మనకూ ఒక ఎం.ఎస్.టి. రాడార్ ఉండాలన్న ఆలోచన ఆ వాతావరణంలోనే బలపడింది. అంతరిక్ష విభాగం, శాస్త్ర సాంకేతిక విభాగం, ఎలక్ట్రానిక్స్ విభాగం మొదలైన కేంద్ర ప్రభుత్వ శాఖలు కలిసి ఖర్చు భరించాయి. రాడార్‌ను రూపొందించి కట్టింది ముంబయిలోని సమీర్ సంస్థ. ఇంత పెద్ద పరికరాన్ని విదేశాల నుంచి పెట్టెల్లో తెప్పించుకోకుండా దేశంలోనే తయారు చేసుకోవడం ఆనాటికి చిన్న విషయం కాదు.

చోటు ఎంపికలో గాదంకికి రెండు అనుకూలతలు ఉన్నాయి. ఒకటి, ఉత్తర అక్షాంశం 13.5 డిగ్రీలు, అంటే నిఖార్సయిన ఉష్ణమండలం. రెండు, చుట్టూ కొండలున్న లోయ. ఆకాశం నుంచి వచ్చే ప్రతిధ్వని అతి బలహీనం కాబట్టి పట్టణాల రేడియో గోల దానికి శత్రువు. కొండలు ఆ గోలకు కొంత అడ్డుకట్ట వేస్తాయి. తిరుపతి, అక్కడి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం దగ్గరలో ఉండడం కూడా కలిసివచ్చింది.

130 మీటర్ల పొడవు, 130 మీటర్ల వెడల్పు ఉన్న మైదానంలో 32 వరుసలు, వరుసకు 32 చొప్పున 1024 యాగీ ఏంటెన్నాలు. వాటికి శక్తినిచ్చేందుకు 32 ట్రాన్స్‌మిటర్లు. అన్నీ కలిసి ఒక్క లిప్తపాటు పంపే శిఖర శక్తి 25 లక్షల వాట్లు. పౌనఃపున్యం 53 మెగాహెర్ట్‌జ్, అంటే తరంగదైర్ఘ్యం దాదాపు 5.7 మీటర్లు. రాడార్ చూసే సుడుల ఎగుడుదిగుడు అందులో సగం, సుమారు 2.8 మీటర్లు. కిరణం వెడల్పు 3 డిగ్రీలు. ట్రోపో, స్ట్రాటో ఆవరణాలను చూసే తొలి దశ 1992లోనూ, మీసో ఆవరణాన్ని కూడా చూసే పూర్తి రూపం 1993లోనూ పనిలోకి వచ్చాయి. ఆ వివరాలను, తొలి గాలి కొలతలను పి.బి. రావు, ఎ.ఆర్. జైన్ తదితరులు 1995లో రేడియో సైన్స్ పత్రిక ద్వారా లోకానికి తెలియజేశారు. అప్పట్లో ఆ కేంద్రం పేరు జాతీయ ఎం.ఎస్.టి. రాడార్ కేంద్రం.

కొలతలోని చిక్కులు

రాడార్ కల్లోలాన్ని కొలిచేది రెండు దారుల్లో. ప్రతిధ్వని ఎంత బలంగా ఉందో చూడడం ఒక దారి. గట్టి ప్రతిధ్వని వస్తే సుడులు ఎక్కువ అనుకోవచ్చు. కాని ఎగుడుదిగుళ్ళకు సుడితోపాటు తేమ తేడా కూడా కారణమని ముందే చెప్పుకున్నాం. రుతుపవనాల కాలంలో గాలిలో తేమ పెరుగుతుంది. కల్లోలం ఏమీ పెరగకపోయినా, అదే సుడి అప్పుడు రాడార్‌కు ఎక్కువ వెలుగుగా కనిపిస్తుంది. ఆ భాగాన్ని విడదీయాలంటే ఆ ఎత్తులో ఉష్ణోగ్రత, తేమ ఎంతో బెలూన్ ఎగరేసి కొలవాలి. మొదట్లో గాదంకి పరిశోధకులు ఇందుకు చాలావరకు చెన్నైలో వాతావరణ శాఖ ఎగరేసే బెలూన్ల మీద ఆధారపడ్డారు. 2006 ఏప్రిల్ నుంచి గాదంకిలోనే రోజూ సాయంత్రం బెలూన్ ఎగరేయడం మొదలుపెట్టారు.

డాప్లర్ వెడల్పును చూడడం రెండవ దారి. రైలు దగ్గరకు వచ్చేటప్పుడు కూత హెచ్చుస్థాయిలో, దూరమయ్యేటప్పుడు తగ్గుస్థాయిలో వినిపిస్తుంది. అలాగే గాలి కదలికను బట్టి ప్రతిధ్వని పౌనఃపున్యం మారుతుంది. రాడార్ చూసే చోట గాలి అంతా ఒకే వేగంతో కదిలితే ఆ మార్పు సన్నని గీతలా ఉంటుంది. లోపల సుడులు ఉంటే కొంత గాలి ఇటు, కొంత అటు కదిలి ఆ గీత వెడల్పవుతుంది. ఆ వెడల్పు నుంచి శక్తి క్షయ రేటును, దాని నుంచి వ్యాపన గుణకాన్ని రాబట్టవచ్చు.

ఇక్కడే పెద్ద చిక్కు ఉంది. రాడార్ కిరణం 3 డిగ్రీల వెడల్పు ఉన్నందువల్ల, కిరణం ఒక అంచున గాలి రాడార్ వైపు కొద్దిగా వస్తున్నట్టు, ఇంకో అంచున దూరం పోతున్నట్టు కనిపిస్తుంది. అంటే సుడి ఒక్కటి లేకపోయినా, గాలి వేగంగా వీస్తే చాలు, గీత వెడల్పవుతుంది. సెకనుకు 40 మీటర్ల గాలిలో ఈ దొంగ వెడల్పు సెకనుకు ముప్పాతిక మీటరు నుంచి మీటరు దాకా వస్తుందని లెక్క. అసలు కల్లోలం ఇచ్చే వెడల్పు ఇంతే ఉండవచ్చు, ఇంతకంటే తక్కువా ఉండవచ్చు. గాదంకి మీద 16 కిలోమీటర్ల ఎత్తున అంత గాలి వీచేది రుతుపవనాల కాలంలోనే. తీసివేత సరిగా చేయకపోతే గాలి రుతువును చూసి కల్లోలపు రుతువు అని భ్రమపడతాం. గాదంకి పరిశోధనా పత్రాల్లో ముందు కల్లోలేతర కారణాల వెడల్పును తీసివేసి, ఆ తరువాతే ఫలితంలోకి వెళ్ళడం అందుకే. చదివేవారికి అది విసుగు పుట్టించే భాగం. పత్రం విలువ అంతా నిలబడేది దానిమీదే.

పగలు, రాత్రి

కల్లోలానికి రోజువారీ లయ ఉంది. అది అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది నేలకు దగ్గరి కిలోమీటరు, రెండు కిలోమీటర్లలో. సూర్యోదయం తరువాత నేల వేడెక్కుతుంది. వేడి గాలి బుడగలు పైకి లేస్తాయి. పొద్దెక్కేకొద్దీ ఆ కలయిక పొర ఎత్తు పెరుగుతూ, మధ్యాహ్నానికి తన శిఖరానికి చేరుతుంది. పొద్దు వాలగానే పొయ్యి ఆరిపోయినట్టు కలయిక ఆగిపోతుంది. రాత్రి నేల చల్లబడి, దాన్ని ఆనుకుని చల్లని గాలి పలచని పొరగా పరుచుకుంటుంది. తెల్లవారుజామున శంషాబాద్‌లో దిగే విమానం చివరి పది నిమిషాలు నెమ్మదిగా ఉండి, వేసవి మధ్యాహ్నం దిగే విమానం ఎగిరెగిరి పడడానికి కారణం ఇదే.

పెద్ద ఎం.ఎస్.టి. రాడార్ ఈ కింది పొరను చూడలేదు. దాని చూపు మూడు, నాలుగు కిలోమీటర్ల పైనుంచి మొదలవుతుంది. ఆ లోటు తీర్చడానికి 1997లో జపాన్‌కు చెందిన కమ్యూనికేషన్స్ రిసెర్చ్ లేబొరేటరీ సహకారంతో గాదంకిలో ఒక చిన్న రాడార్ పెట్టారు. 1357.5 మెగాహెర్ట్‌జ్ పౌనఃపున్యంతో పనిచేసే ఆ విండ్ ప్రొఫైలర్ ఉదయం లేచి సాయంత్రం పడిపోయే కలయిక పొరను గంటగంటకూ చూపగలిగింది.

పైకి పోయేకొద్దీ రోజువారీ కథ చెప్పడం కష్టమవుతుంది. మీసో ఆవరణంలో, అంటే 65 నుంచి 85 కిలోమీటర్ల మధ్య, ప్రతిధ్వని రావాలంటే సుడులతో పాటు స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు కూడా ఉండాలి. వాటిని పుట్టించేది సూర్యకాంతి. అందువల్ల అక్కడి ప్రతిధ్వనులు పగటిపూటే వస్తాయి. చీకటి పడ్డాక ఆ ఎత్తు రాడార్‌కు మూగబోతుంది. అక్కడ రాత్రి కల్లోలం లేదని కాదు, ఈ దీపంతో అది కనిపించదు. 30 నుంచి 60 కిలోమీటర్ల మధ్యనైతే పగలు కూడా ప్రతిధ్వని ఉండదు. ఆ ఖాళీలో ఉష్ణోగ్రతను చూసేందుకు 1998లో, మళ్ళీ జపాన్ సహకారంతోనే, లేజర్ కాంతితో పనిచేసే లైడార్‌ను గాదంకిలో నెలకొల్పారు.

ఇంకో సంగతి. అంత పెద్ద రాడార్‌ను సంవత్సరమంతా రాత్రింబవళ్ళు నడపడం సాధ్యపడలేదు. దాని ట్రాన్స్‌మిటర్లు వాక్యూమ్ ట్యూబులతో నడిచేవి. పైగా అయనోస్ఫియర్, ఉల్కలు, వర్షం అంటూ రకరకాల పరిశోధకులు సమయం అడిగేవారు. అందుకని గాలి కొలతలకు రోజూ సాయంత్రం సుమారు గంటసేపు కేటాయించి, ఆ వరుసను ఏళ్ళ తరబడి కొనసాగించారు. అప్పుడప్పుడు మాత్రం ఇరవైనాలుగు గంటలూ నడిపే ప్రత్యేక పరిశీలనలు చేశారు. రోజూ ఒకే వేళకు చూస్తే రుతువుల తేడా చక్కగా తెలుస్తుంది, పగలు రాత్రి తేడా తెలియదు. రోజంతా చూసిన కొద్ది రోజులు పగలు రాత్రి తేడా చెబుతాయి, ఆ రోజులు ఏడాది మొత్తానికి ప్రతినిధులని చెప్పలేం. గాదంకి పత్రాలను చదివేటప్పుడు ఈ రెంటినీ వేరుగా గుర్తుపెట్టుకోవాలి.

ఆషాఢం గాలి

ఇక రుతువులు. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి చెందిన డి. నారాయణరావు, ఆయన సహచరులు 1995 సెప్టెంబర్ నుంచి 1999 ఆగస్టు వరకు నాలుగేళ్ళ పరిశీలనలను తీసుకుని, నెలనెలకూ నిలువు వ్యాపన గుణకాన్ని లెక్కించి 2001లో ప్రచురించారు. ట్రోపో ఆవరణంలో కలయిక అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది జూన్, జూలై నెలల్లో, అన్నిటికంటే తక్కువగా ఉన్నది నవంబర్, డిసెంబర్లలో. పది కిలోమీటర్ల దాకా విలువలు పెద్దవిగా ఉండి, ఆపైన తగ్గుతూ పోయాయి. ట్రోపో ఆవరణంలోని అన్ని ఎత్తులనూ కలిపి చూస్తే వార్షిక విలువల గరిష్ఠం సెకనుకు సుమారు 1.8 చదరపు మీటర్లు, కనిష్ఠం దాదాపు 0.05. ఒకే ఊరి నెత్తిమీద, ఎత్తు మారితే ముప్పై రెట్లకు పైగా తేడా. మీసో ఆవరణంలో కూడా గరిష్ఠం జూన్, జూలైలలోనే కనిపించింది. అక్కడ విలువలు 75 కిలోమీటర్ల వరకు పెరిగి, ఆపైన తగ్గాయి.

జపాన్‌లో ట్రోపో ఆవరణం పైకప్పు దగ్గర శీతాకాలం హెచ్చు. గాదంకి మీది ట్రోపో ఆవరణంలో శీతాకాలపు తొలి నెలలే తక్కువ. పంచాంగం తిరగబడింది. షిగరాకి అంకెలను తెచ్చి భారతదేశపు నమూనాలో పెట్టుకుంటే, కవ్వం జోరుగా తిరిగే కాలంలో ఆగినట్టూ, ఆగిన కాలంలో తిరిగినట్టూ లెక్క వేసుకున్నవాళ్ళం అవుతాం.

జూన్, జూలై అంటే మనకు ఆషాఢం. ఆషాఢం గాలి ఎలా ఉంటుందో మన పల్లెల్లో ఎవరినీ అడగనక్కరలేదు. ఆ గాలి పడమటి నుంచి వస్తుందన్నదీ అందరికీ తెలుసు. కింద పడమటి గాలి వీస్తున్న ఆ రోజుల్లోనే, 16 కిలోమీటర్ల ఎత్తున దానికి సరిగ్గా ఎదురుగా తూర్పు నుంచి సెకనుకు 40 మీటర్లు దాటిన వేగంతో మరో గాలి వీస్తూ ఉంటుంది. ఈ ఉష్ణమండల తూర్పు జెట్ ప్రవాహాన్ని గుర్తించి, 1958లో టెల్లస్ పత్రికలో వివరించినవారు పంచేటి కోటేశ్వరం. ఆయన తరువాత భారత వాతావరణ శాఖకు అధిపతి అయ్యారు. ఆయన దగ్గర ఉన్నవి బెలూన్ కొలతలు, చేత్తో గీసిన పటాలు. నాలుగు దశాబ్దాల తరువాత గాదంకి రాడార్ అదే జెట్‌ను 150 మీటర్లకొక మెట్టు చొప్పున, నిమిషాల వ్యవధిలో చూపగలిగింది. కింద పడమర, పైన తూర్పు, మధ్యలో గాలి దిక్కు మార్చుకునే పొర. జెట్‌కు పైనా కిందా వేగం తటాలున మారుతుంది. దానికి తోడు రుతుపవన మేఘాలు కింది తేమ గాలిని పైకి ఎత్తిపోస్తాయి. రాపిడికీ, కలయికకూ ఇంతకంటే అనువైన కాలం ఉండదు.

తరువాతి కాలం

2005 సెప్టెంబర్‌లో ఆ కేంద్రం జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాలగా, అంతరిక్ష విభాగం కింద స్వతంత్ర సంస్థగా రూపాంతరం చెందింది. 2010ల దశకంలో పెద్ద రాడార్‌ను కొత్త పద్ధతిలో తిరిగి కట్టారు. పాత 32 ట్రాన్స్‌మిటర్ల స్థానంలో 1024 ఏంటెన్నాలకు ఒక్కొక్కదానికి ఒక కిలోవాట్ సాలిడ్ స్టేట్ ట్రాన్స్‌మిటర్ చొప్పున అమర్చారు. ఒకటి చెడిపోయినా మిగిలినవి పనిచేస్తాయి. కిరణాన్ని ఏ దిక్కుకైనా చిటికెలో తిప్పవచ్చు.

ఇదంతా పరిశోధకులకే పరిమితమైన విషయం కాదు. 2023లో బ్రిటన్‌లోని రెడింగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక లెక్క ప్రచురించారు. ఉత్తర అట్లాంటిక్ మీద ఒక సగటు ప్రదేశంలో, మేఘం లేని గాలిలో వచ్చే తీవ్రమైన కల్లోలం 1979లో ఏడాదికి 17.7 గంటలు ఉండగా, 2020 నాటికి 27.4 గంటలకు పెరిగిందని అందులో తేల్చారు. మనలో చాలామంది ఇంటికి వెళ్ళే దారి అదే. విమానం ముక్కులో ఉండే రాడార్ వాన చినుకులనే చూస్తుంది కాబట్టి నిర్మలాకాశంలోని ఈ అలజడి పైలట్‌కు ముందుగా కనిపించదు. 2024 మే 21న లండన్ నుంచి సింగపూర్ వెళ్తున్న సింగపూర్ ఎయిర్‌లైన్స్ విమానం మయన్మార్ మీద తీవ్రమైన కుదుపులకు లోనై బ్యాంకాక్‌లో దిగవలసి వచ్చింది. ఒక ప్రయాణికుడు మరణించాడు. అది ఉష్ణమండలపు ఆకాశం. వేడి మేఘాలు చూస్తుండగానే పైకి పొంగే చోటు.

అట్లాంటిక్ లెక్క నలభై ఏళ్ళది. అది కూడా రాడార్ నేరుగా కొలిచింది కాదు, నానా రకాల పరిశీలనలను కంప్యూటర్‌లో కలిపి తిరిగి కట్టిన గాలి చిత్రం నుంచి తీసింది. వాతావరణం మారుతోందా, మారితే మన నెత్తిమీది కల్లోలం ఏ రుతువులో, ఏ ఎత్తులో మారుతోంది అని అడిగితే జవాబు చెప్పగలిగేది ఒకేచోట ఏళ్ళ తరబడి నిలిచి, ఒకే పద్ధతిలో కొలిచిన రాడార్ మాత్రమే. ఉష్ణమండలంలో అలాంటి దీర్ఘకాల పరిశీలనలున్న చోట్లు బహు కొద్ది. వాటిలో గాదంకి ఒకటి.

మనం సాధారణంగా రాకెట్ ఎగిరిన రోజును గుర్తుపెట్టుకుంటాం. శ్రీహరికోటలో కౌంట్‌డౌన్ ఉంటుంది, టీవీలో చప్పట్లు ఉంటాయి. సాయంత్రం ఐదున్నరకు రాడార్ తిప్పి, గంటసేపు గాలిని రాసుకుని, మర్నాడు మళ్ళీ అదే పని చేసేవాళ్ళకు చప్పట్లు కొట్టే రోజంటూ ప్రత్యేకంగా ఏదీ ఉండదు. వాళ్ళలో తిరుపతి విశ్వవిద్యాలయంలో చదువుకున్న మన పిల్లలు ఎందరో ఉన్నారు. పొరుగు దేశాల పంచాంగం మనకు పనికిరాదని, మన గాలికి మన పంచాంగం వేరే ఉందని అంకెలతో చూపించినవాళ్ళు వాళ్ళు. గాలికి గుర్తుపెట్టుకునే అలవాటు లేదు. దాని లెక్క మనుషులే రోజూ రాసి పెట్టాలి. ఒక ఏడాది రాయడం మానేస్తే, ఆ ఏడాది ఆషాఢాన్ని తరువాత ఎంత డబ్బు పోసినా తెచ్చుకోలేం.